ఈసీలో లేని మడి

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటి ముందుగా చెప్పేస్తాను. ఆ రోజు నల్లగొండ రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో నా చేతికి ఇచ్చిన పెన్నులన్నీ చక్కగా రాసేవే. ఒక్కదానిలో కూడా ఇంకు అయిపోలేదు, ఒక్కదాని పాళీ కూడా వంగలేదు. మా ఇంట్లో ఇప్పటికీ నలుగురు చేరితే చాలు, ఆనాడు పెన్నులు మొండికేయకపోతే మన బతుకు బజార్ల పడుతుండె అని మా మామ కథ మొదలుపెడతాడు. విన్నవాళ్లంతా ఆ పెన్నులకు దండం పెట్టినంత పని చేస్తారు. నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, అవునన్నట్టు తల ఊపి, ఊరుకుంటాను. నా డైరీలో కూడా అసలు సంగతి లేదు. ఆ తేదీ కింద "ఎండ ఎక్కువ. ఆఫీసులో మంచినీళ్ల కుండ ఖాళీ" అని మాత్రమే ఉంది. (నా డైరీ ఎవరూ చదవరని తెలుసు. అయినా ఎవరైనా చదివితే ఏమనుకుంటారోనన్న భయంతోనే రాసేదాన్ని.)

తొంభైలు మొదలైన ఆ రోజుల్లో నల్లగొండకు ప్లాట్ల జ్వరం పట్టుకుంది. అంతకుముందు దాకా వానకు పండే చెల్క అంటే చెల్క, పొలం అంటే పొలం. ఉన్నట్టుండి రోడ్డు పక్క ప్రతి చెల్కలోనూ సున్నం పూసిన రాళ్లు లేచాయి. జొన్న కొయ్యకాళ్ల మధ్య "పార్కు స్థలం" అని రేకు బోర్డు కనిపించేది, దాని కింద మేకలు మేసేవి. చాయ్ హోటల్లో కూర్చున్నవాళ్లు వానల గురించి మాట్లాడటం మానేసి గజాల గురించి మాట్లాడేవాళ్లు. మా మామకు ఈ జ్వరం అందరికంటే కొంచెం ఎక్కువగానే వచ్చింది. ఆయన కరెంటాఫీసులో గుమాస్తా. మాది మగ్గం మీద బతికిన కుటుంబమైనా, ఆయన నాడె పట్టడం చిన్నప్పుడే మానేసి కలం పట్టాడు. నేను డిగ్రీ చదువు కోసం మా ఊరి నుంచి వచ్చి మామా అత్తల ఇంట్లో ఉండేదాన్ని. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే, ఫలానా ఆయన నకిరేకల్ రోడ్డుకు జాగా కొని ప్లాట్లు చేసి ఎట్లా బాగుపడ్డాడో మామ చెప్పేవాడు. ఆ ఫలానా ఆయనను మేమెవరమూ చూడలేదు. రోజుకొక ఫలానా ఆయన ఉండేవాడు.

జాగా కొనాలంటే చేతిలో ఏదో ఉండాలి కదా. మామ చేతిలో ఉన్నది అత్త మగ్గం కొట్టం. ఇంటి వెనక పెంకుల కప్పుతో, ఎప్పుడూ తడి నూలు వాసన వేసే కొట్టం అది. అందులో గుంట మగ్గం. గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని అత్త నేస్తుంటే, ఆ చప్పుడు వింటూ ఒక మూల గోనెపట్టా వేసుకుని నేను లైబ్రరీ నవలలు చదివేదాన్ని. ఆ కొట్టం అత్త పేరు మీదనే ఉంది. కొడుకు కంటే కోడలు బాగా నేస్తుందని మామ తండ్రి ముచ్చటపడి ఆమె పేరున రాయించాడట. (ఈ మాట మామ ముందు ఎవరూ అనేవాళ్లు కాదు.) గుంట మగ్గం మంచం లాంటిది కాదు, ఎత్తుకుపోయి ఇంకో చోట వేసుకోవడానికి. నేల తవ్వాలి, గుంజలు పాతాలి. మిగిలిన ఇల్లంతా బండలు పరిచినది. కొట్టం పోయిందంటే అత్త నేత అక్కడితో ఆగినట్టే. కొనేది ఒక బట్టల సేటు. పడగొట్టి గోదాం కట్టుకుంటానని ముందే చెప్పాడు.

మామ అత్తను ఎన్నో విధాల ఒప్పించాడు. ప్లాట్లు అమ్ముడుపోతే పెద్ద ఇల్లు కడతానన్నాడు, నేతచీర నేసే అవసరం లేకుండా కొనుక్కునే రోజు వస్తుందన్నాడు. చివరకు, "ఇగ నువ్వు కాలు మీద కాలేసుకొని కూసోవచ్చు" అన్నాడు.

"నాకు కాళ్లు గుంటల పెడితెనే నిమ్మలం" అంది అత్త.

అన్నదే గాని ఎదురు చెప్పలేదు. సరే నీ ఇష్టం అని మళ్లీ మగ్గం ఎక్కింది. ఆ తర్వాత నాలుగు వారాలు ఆమె నేసిన వేగం చూస్తే నాకు నవల మీద చూపు నిలిచేది కాదు. పోగు మీద పోగు వేసి, కొట్టం పోయేలోపు మగ్గం మీదున్న నూలంతా బట్ట చేసేయాలని చూస్తున్నట్టుండేది.

మామను మాత్రం తొందరపాటు మనిషి అనడానికి లేదు. ఆయన దృష్టిలో ఆయనంత జాగ్రత్తపరుడు జిల్లాలోనే లేడు. కొనబోయే భూమి నకిరేకల్ దగ్గర, పెద్ద రోడ్డును ఆనుకుని ఉంది. ఎర్ర చెల్క, దాని చివర ఒక బావి, బావి కింద చిన్న వరి మడి. అమ్మేది ఆ ఊరి రైతు. ఆయనను మేము బావికాడి పటేలు అనేవాళ్లం. మామ ఆ భూమికి ఈసీ తీయించాడు. ఈసీ అంటే, ఆ భూమి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు ఏమైనా ఉంటే చూపించే కాగితం. అందులో ఏమీ లేదని వచ్చింది. పహాణీ తీయించాడు. సాగులో ఉన్నది పటేలే అని వచ్చింది. అంతటితో ఆగక సొసైటీకి వెళ్లి ఆరా తీస్తే, ఎప్పటిదో ఎరువుల అప్పు కింద ఆ భూమి తనఖాలో ఉందని బయటపడింది. మామ పులిని పట్టుకున్నంత సంతోషపడ్డాడు. ఆ అప్పు పటేలు చేతనే కట్టించి, తనఖా పోయిందని రాయించి, ఆ కాగితాలన్నీ ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ చూపించాడు. కూరగాయలమ్మే ఆమెకు కూడా చూపించాడు. ఆమె తలకిందులుగా పట్టుకుని చూసి, మంచిగున్నదయ్యా అంది.

రిజిస్ట్రేషన్లు రెండూ ఒకే రోజు పెట్టుకున్నాడు. పొద్దున నల్లగొండలో కొట్టం సేటుకు రాసివ్వడం, ఆ పైకంతో మధ్యాహ్నం నకిరేకల్ వెళ్లి భూమి రాయించుకోవడం. రెండింటికీ సాక్షిగా నన్ను పెట్టాడు. డిగ్రీ చదివే మేనకోడలు సంతకం పెడితే దస్తావేజుకు అందం అని ఆయన నమ్మకం. అందరి ముందు సంతకం పెట్టాలన్న ఆలోచనకే నాకు అన్నం సయించలేదు.

ముందురోజు మధ్యాహ్నం హద్దులు చూసుకుందామని నన్ను వెంటబెట్టుకుని ఆ భూమి దగ్గరకు వెళ్లాడు. ఆయన గట్ల మీద నడుస్తుంటే నేను వెనకనే నడుస్తూ దస్తావేజు చిత్తుప్రతిలోని హద్దులు చదవాలి. తూర్పు రోడ్డు, దక్షిణం కాలువ, పడమర ఎవరో గౌండ్ల వాళ్ల చెల్క. నా గొంతు ఎంత చిన్నదంటే, పటేలు నా పక్కకు వచ్చి చెవి నా వైపు పెట్టి నడిచాడు, మామ ఇంకో వైపు నుంచి వంగాడు. దూరం నుంచి చూసినవాళ్లకు ముగ్గురం కలిసి ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నట్టుండేది. ఉత్తరం హద్దు దగ్గర, "బావి, బావి కింది మడి సహా" అని చదివాను. సహా అన్న చోట పటేలు దగ్గాడు. అప్పుడది ఉత్త దగ్గే అనుకున్నాను.

ఎండకు నా ముఖం చూసి, ఇంట్లోకి పోయి నీళ్లు తాగు బిడ్డా అని పటేలే పంపించాడు. ఆయన ఇల్లు బావికి ఎదురుగానే. లోపలికి అడుగు పెడితే ఆడవాళ్ల సందడి. పటేలు చెల్లెలికి ఒడిబియ్యం పోస్తున్నారు. ఆమెను ఆలేరుకు ఇచ్చారట, అందుకని ఆలేరక్క అంటాను. పీట మీద కొత్త చీర కట్టుకుని కూర్చుంది, ముఖం నిండా పసుపు. ఒడిలో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు. ఆమె వదినగారు, అంటే పటేలు భార్య, దోసిళ్లతో పోస్తుంటే పాటలు పాడే ముసలమ్మ ఒకామె మధ్య మధ్య పాట మరిచిపోయి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటోంది. నన్ను కూడా లాగి కూర్చోబెట్టారు. అక్క నన్ను చూసి నవ్వి, చెల్కలు కొంటున్న వాళ్ల పిల్లవా అని అడిగింది. తల ఊపాను.

"గీ బియ్యం ఎవలియనుకున్నవు?" అంది ఆమె, ఒడిలోవి చేత్తో సర్దుకుంటూ. "నా మడియే. నా పెండ్లినాడు పందిట్ల, అందరి ముంగట, మా నాయిన నాకు పసుపు కుంకుమల కింద ఇచ్చిండు. నేను ఆలేరుకు పోతి, గందుకే మా అన్ననే దున్నుకుంటడు. గని నా ఒడిల మాత్రం గా మడి బియ్యమే పోస్తరు. ఇప్పుడు చెల్కలు అమ్ముతడట. అమ్ముకోని. మడి జోలికి రాడు మా అన్న."

నా చేతిలోని చెంబు చల్లగా ఉంది, అరచేతులు మాత్రం వేడెక్కాయి. ఇందాకనే నా నోటితో చదివాను కదా, మడి సహా అని. వదినగారి వైపు చూశాను. ఆమె నన్ను చూడకుండా దోసిళ్లు తొందరతొందరగా పోయడం మొదలుపెట్టింది. బియ్యం ఒడి దాటి పీట మీద పడుతుంటే ముసలమ్మ, నెమ్మది బిడ్డా, మడి ఎక్కడికి పోతలేదు అంది. అందరూ నవ్వారు. వదినగారు నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

తిరుగు బస్సులో మామ పక్కనే కూర్చున్నాను. చెప్పాలి. ఏమని చెప్పాలి? నేను మామతో అప్పటిదాకా మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఒక పేజీ నిండదు. అవుననడం, కాదనడం, అన్నం పెట్టానని చెప్పడం. నార్కట్‌పల్లి దాకా మనసులో వాక్యం కట్టుకున్నాను. కట్టుకున్నది చెప్పబోయేసరికి ఆయన ముందు సీటు మనిషికి ప్లాట్ల లాభాలు వివరిస్తున్నాడు. నల్లగొండ దగ్గర పడుతుండగా ధైర్యం చేసి, మామా ఆ మడి అన్నాను. ఆయన నా వైపు తిరిగి ప్రేమగా చూశాడు.

"ఇగ మడి అనొద్దు బిడ్డా. ప్లాటు అనాలె."

ముందు సీటు మనిషి మెచ్చుకోలుగా తల ఊపాడు. నా వాక్యం అక్కడితో సరి.

ఇంటికి వచ్చాక అత్తకు చెబుదామనుకున్నాను. కాని ఆ సాయంత్రం వాడకట్టు ఆడవాళ్లంతా కొట్టంలోనే ఉన్నారు. అత్త మగ్గం మీది చివరి బట్ట కోస్తుంటే చూడటానికి వచ్చారు. ఒకామె గుంజను చేత్తో నిమిరింది. అంతమంది మధ్య నాకు నోరు పెగల్లేదు. ఇంకో భయం కూడా ఉంది. ఒకవేళ నేను విన్నది నేను అనుకున్నంత పెద్ద సంగతి కాకపోతే? కొట్టం నిలుస్తుందని అత్తకు ఒక ఆశ పుట్టించి, పొద్దున్నే ఆ ఆశ కూడా తీసేసినట్టవుతుంది. తెల్లవారేసరికి మామ స్నానం చేసి, ప్లాస్టిక్ కవరు చంకలో పెట్టుకుని, రిక్షా పిలిచాడు.

రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో దస్తావేజులు రాసే మున్షీ సాబ్ బల్ల ఉంది. తెల్ల గడ్డం, ముక్కు చివర కళ్లద్దాలు, ముత్యాల లాంటి రాత. తన చేతి మీదుగా పోయిన దస్తావేజులో కొట్టివేత ఒక్కటి కూడా ఉండదని ఆయన గర్వం. ఆ గర్వం చూసే మామ ఆయన దగ్గరకు వెళ్లాడు. కొట్టం దస్తావేజు అప్పటికే తయారుగా ఉంది, సాక్షుల చోట నా పేరు, మా నాయిన పేరు, మా ఊరి పేరు వరుసగా రాసి ఉన్నాయి. సేటు బెంచీ మీద విసనకర్ర ఊపుకుంటున్నాడు. బావికాడి పటేలు కూడా వచ్చాడు. ఆలేరు బస్సు సాయంత్రమే అయినా చెల్లెల్ని ముందే తెచ్చి బస్టాండులో దింపి, మామతో కలిసి నకిరేకల్ పోదామని ఇటు వచ్చాడట.

అత్త సంతకాలు పెట్టింది. కుదురుగా, ఒక్కో కాగితం మీద, మగ్గం ముందు కూర్చున్నట్టే వంగి కూర్చుని పెట్టింది. చివరి సంతకం అయ్యాక వేళ్లు చీర కొంగుకు తుడుచుకుంది, అంటింది ఏమీ లేకపోయినా. సేటు తరఫు సాక్షి కూడా పెట్టాడు. ఇక మిగిలింది నేను. నేను పెడితే కాగితాలు లోపల రిజిస్ట్రారు దొరగారి ముందుకు పోతాయి, ఆయన ముద్ర వేస్తే కొట్టం సేటుది.

మున్షీ సాబ్ తన పెన్ను నా చేతిలో పెట్టాడు. బల్ల మీదికి వంగాను. జడ ముందుకు జారింది, దాన్ని తీయలేదు. అందరి కళ్లూ నా వీపు మీద ఉన్నాయి. అరవాలి, ఆపాలి, చెప్పాలి అని లోపల ఏదో కొట్టుకుంటోంది. బయటికి ఒక్క మాట రావడం లేదు. నాకు చేతనైంది ఒక్కటే తోచింది. పెన్నును కాగితానికి తగలకుండా, వెంట్రుకవాసి ఎత్తున పట్టుకుని నా పేరంతా రాశాను. గాలిలో, పొల్లులు, ఒత్తులు ఏవీ వదలకుండా.

కాగితం తెల్లగా ఉంది. రాయడం లేదు అన్నాను. ఆ పొద్దున నేను పలికిన మొదటి మాట అది.

మున్షీ సాబ్ పెన్ను తీసుకుని వేలి గోటి మీద గీసి చూసుకున్నాడు. నల్లటి గీత పడింది. మళ్లీ ఇచ్చాడు. మళ్లీ గాలిలో రాశాను. సేటు తన బంగారు క్యాపు పెన్ను తీసి, ఇది విదేశీది అని చెప్పి ఇచ్చాడు. విదేశీది కూడా రాయలేదు. పటేలు జేబులోంచి బాల్ పెన్ను వచ్చింది. మామ దాని రీఫిల్ తీసి, రెండు అరచేతుల మధ్య రుద్ది, నోటితో ఊది, నుదుటికి ఆనించి ఇచ్చాడు. రాయలేదు. పక్క బల్లల వాళ్లు పనులాపి వచ్చారు. ఒకాయన స్టాంపు కాగితంలోనే దోషం ఉందన్నాడు. ఇంకొకాయన, మిరపకాయ బజ్జీలు తిన్న చేత్తో ఎవరో పట్టుకుని ఉంటారు, నూనె అంటితే ఇంకు పట్టదన్నాడు. మామ తన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. వేరే సాక్షిని పిలవండి అని సేటు విసుక్కుంటే, మున్షీ సాబ్ ఆ మాటకే నొచ్చుకున్నాడు. పేరు కొట్టేసి ఇంకో పేరు రాయాలా, తన దస్తావేజులోనా అని. మామకు కూడా మంచి పనిలో కొట్టివేత ఇష్టం లేదు.

"ఫికర్ చేయకు బేటీ, చెయ్యి చెమట పట్టింది, గంతే. జర తుడ్సుకో" అన్నాడు మున్షీ సాబ్. అంత మంచిగా అంటుంటే నాకు ఏడుపొచ్చింది. నుదుటి మీంచి ఒక చెమట బొట్టు జారి, సాక్షి అన్న అక్షరాల పక్కన పడింది. ఇక ఎంతసేపు గాలిలో రాయగలను? ఇంకో పెన్ను వస్తే చెయ్యి అలసి కాగితానికి తగులుతుందేమోనని భయం వేసింది. అప్పుడే లోపలి నుంచి బంట్రోతు వచ్చి, దొరగారు భోజనానికి లేచారు, మిగిలినవి తర్వాత అని చెప్పి తలుపు దగ్గరకు వేశాడు.

సేటు ఉస్సురన్నాడు. మామ కొత్త పెన్ను కొనుక్కు రావడానికి బజారుకు పరుగెత్తాడు. అత్త నా చెయ్యి పట్టుకుని, కడుక్కుందువు రా అని ఆఫీసు వెనక పంపు దగ్గరికి తీసుకుపోయింది. నీళ్లు సన్నగా పడుతున్నాయి. అత్త నా అరచేతిని తన చేతిలో పెట్టుకుని తోమింది. నూలు పోగులతో కోసుకుపోయి గరుకెక్కిన వేళ్లు. ఆమె ముఖంలోకి చూడకుండా, నీళ్లను చూస్తూ, చెప్పేశాను. ఆ బావి కింది మడి వాళ్ల చెల్లెలిదని, పసుపు కుంకుమల కింద ఇచ్చారని, దస్తావేజులో మడి సహా అని ఉందని, ఆమెకు తెలియదని. ఒకే ఊపిరిలో, నా జన్మలో ఎప్పుడూ మాట్లాడనన్ని మాటలు.

అత్త పంపు కట్టేసింది.

"ఒడిబియ్యం గా మడియే పోస్తరని ఆమెనే చెప్పిందా? నువ్వు చెవులార విన్నవా?"

విన్నాను అన్నాను. అత్త ఇంకేమీ అడగలేదు. ఆమెకు పహాణీ తెలియదు, ఈసీ తెలియదు. ఒడిబియ్యం తెలుసు. పుట్టింటివాళ్లు ఫలానా మడి బియ్యమే పోస్తున్నారంటే ఆ మడి ఎవరిదో ఇంక వేరే రుజువు అక్కర్లేదు ఆమెకు. కొంగు నడుముకు దోపుకుని వరండాలోకి నడిచింది. మామ అప్పుడే కొత్త పెన్నుతో వచ్చాడు. పటేలు గోడకానుకుని సోడా తాగుతున్నాడు.

"అన్నా, నిన్న మీ చెల్లెకు ఒడిబియ్యం పోసిండ్రట గద. ఏ మడి బియ్యం పోసిండ్రు?" అని అడిగింది అత్త. కూరలేం తెచ్చారు అని అడిగినట్టు మామూలుగా అడిగింది.

మామకు అర్థం కాలేదు. ఇప్పుడు బియ్యం ముచ్చటేందని విసుక్కున్నాడు. పటేలు మాత్రం సోడా సీసా కింద పెట్టాడు. ఆయన ఏ కాగితం మీదైనా సంతకం పెట్టగలిగే మనిషే. ముందురోజు హద్దుల్లో మడి సహా అని చదివితే దగ్గి ఊరుకున్నాడు కదా. కాని చెల్లెలి ఒడిలో తన ఇంట్లో పోసిన బియ్యం ఎక్కడివని ఒక ఆడమనిషి ముఖం మీద అడిగితే అబద్ధం చెప్పడానికి ఆయన నోరు కూడా నా నోరులాగే పెగల్లేదు. కింద పెట్టిన సీసాను కాలితో గోడ వారకు జరిపాడు. సేటు విసనకర్ర ఊపడం ఆపాడు.

"బావి కిందియే" అన్నాడు చివరకు. "మడి లేకుంటే బావి లేదు, బావి లేకుంటే మీరు కొననంటిరి. అమ్మినంక చెల్లెకు ఎంతో కొంత ముట్టజెప్దామనుకున్న అక్కా."

మున్షీ సాబ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తుడుస్తూనే మామకు నెమ్మదిగా చెప్పాడు. ఆ ఆడబిడ్డ రేపు దావా వేస్తే ఊరంతా వచ్చి ఆమె పక్క చెబుతుంది, కోర్టు ఆపమంటుంది, ప్లాటు కొన్నవాళ్లు మామ ఇంటి ముందు కూర్చుంటారు, అప్పటికి కొట్టమూ ఉండదు, భూమీ ఉండదు. మామ ప్లాస్టిక్ కవరు తెరిచి ఈసీ తీసి ఆయన ముఖం ముందు పెట్టాడు. ఇందులో లేదు గద అన్నాడు. మళ్లీ అదే మాట అన్నాడు. మూడోసారి గొంతు సన్నబడింది.

"ఈసీల రిజిస్టరైనయే వస్తయి భాయ్. పెండ్లి పందిట్ల ఇచ్చినయి రావు" అన్నాడు మున్షీ సాబ్.

ఈ మాటలు నడుస్తుండగా అత్త బల్ల మీది దస్తావేజు తీసుకుని, మడిచి, బెంచీ మీద పెట్టి దాని మీద కూర్చుంది. సేటు వచ్చి మర్యాదగా అడిగాడు. నా చేతులింకా తడిగున్నయి, ఆరనియ్యి అంది. సేటు కాసేపు నిలబడ్డాడు. ఆ చేతులు సాయంత్రం దాకా ఆరేలా లేవని అర్థమైనట్టుంది, విదేశీ పెన్ను జేబుకు పెట్టుకుని వెళ్లిపోయాడు. లోపల దొరగారు భోజనం చేసి వచ్చారు, ఎవరెవరివో కాగితాలు పోయాయి, ముద్రల చప్పుడు వినిపించింది. మావి పోలేదు. మామ మెట్ల మీద కూర్చుని కొత్త పెన్ను క్యాపు తీస్తూ, పెడుతూ, తీస్తూ ఉండిపోయాడు.

ఆ తర్వాత చాలా రోజులు ఆయన మాతో సరిగ్గా మాట్లాడలేదు. కొట్టంలో చప్పుడు మళ్లీ మొదలైతే మాత్రం, ఆఫీసు నుంచి వచ్చి కొంచెంసేపు గుమ్మంలో నిలబడేవాడు. రెండేళ్లకు ఆ చెల్కలు వేరే ఎవరో కొన్నారు, మడి వదిలేసి. ఇప్పుడు నకిరేకల్ బస్సులో పోతుంటే రోడ్డు పక్క ఇళ్లు లేచి ఉంటాయి, వాటి మధ్య అంత వెడల్పున పచ్చటి వరి. బస్సు అక్కడికి రాగానే మామ రెండో వైపు కిటికీలోంచి చూస్తాడు. పెన్నుల కథ చెప్పడం ఎప్పుడు మొదలుపెట్టాడో గుర్తులేదు. మొదలుపెట్టాక ప్రతిసారీ ఒక పెన్ను పెరుగుతూ వచ్చింది. నేను ఇప్పుడు బడిలో పాఠాలు చెబుతున్నాను. అరవై మంది పిల్లల ముందు గొంతు చించుకుని మాట్లాడతాను. ఇంటికి వచ్చి, ఆ వరండాలో జడ చాటున తల దాచుకుని గాలిలో తన పేరు ఒత్తులతో సహా రాసుకున్న ఆ అమ్మాయిని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆమెను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని మంచినీళ్లు ఇవ్వాలనిపిస్తుంది.

ఆ రోజు సాయంత్రం మాత్రం ఇంకో పని మిగిలింది. చెల్లెలికి చెప్పడానికి నాకు మొఖం లేదని పటేలు అంటే, నేను చెప్తానని అత్త నన్ను తీసుకుని బస్టాండుకు వెళ్లింది. ఆలేరు బస్సు ఇంకా రాలేదు. అక్క ఒడిబియ్యం మూట మీద చెయ్యి వేసుకుని బెంచీ మీద కూర్చుని ఉంది. అత్త ఆమె పక్కన కూర్చుని, దాచకుండా, పెంచకుండా అంతా చెప్పింది. మడిని కాగితం మీద పెట్టించుకో చెల్లే అంది. అక్క ముఖంలో పసుపు అట్లాగే ఉంది, కింద రంగు మాత్రం మారింది. మా అన్ననేనా అని ఒక్కసారి అడిగింది. తర్వాత మూట ముడి విప్పి, మళ్లీ గట్టిగా కట్టుకుంది. ఈ శుక్రవారం వీటిని వండుతాను, మా ఆయనను, మా మామగారిని కూర్చోబెట్టి చెప్తాను, వచ్చే నెల కాగితం చేయించుకుంటాను అంది. నీ రుణం ఉంచుకోనక్కా అని అత్త చేతులు పట్టుకుంది.

అత్త నా వైపు తిరిగి, ఇదంతా అసలు ఈ పిల్ల అని మొదలుపెట్టింది. నేను వెనక నుంచి ఆమె చీర కొంగు పట్టి లాగాను. అత్త ఆగిపోయింది.

బస్సు వచ్చింది. మూట ఎక్కించి, అక్క కిటికీ దగ్గర కూర్చుంది. బస్సు కదులుతుంటే, అత్త వీపు చాటున నిలబడ్డ నన్ను చూసి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి అంది:

"గింత లొల్లి అయినా ఒక్క మాట మాట్లాడకపోతివి బిడ్డా. మీ అత్తను చూసి నేర్సుకో, గిట్ల మూగదానోలె ఉంటే ఎట్ల బతుకుతవు?"